సారపాక జామాయిల్: ఒక పరిశోధనను దేనితో తూచాలి?

ఒక వృక్షశాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన కృషిని దేనితో తూచాలన్నది ఈనాటి ప్రసంగ విషయం. విశ్వవిద్యాలయాల్లో దీనికి ఒక లెక్క ఉంది. ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి, వాటిని ఎందరు తమ పత్రాల్లో ఉదహరించారు, ఎందరు శిష్యులు డాక్టరేట్ పట్టాలు పుచ్చుకున్నారు అని చూస్తారు. ఆ లెక్కను తప్పుపట్టను. కానీ మొక్క మీద చేసిన పరిశోధన పత్రిక పుటల దగ్గర ఆగిపోయేది కాదు. అది చేలోకి వెళుతుంది. దాన్ని నమ్మి ఒక రైతు తన భూమిని నాలుగేళ్లపాటు అప్పగిస్తాడు. ఆ నమ్మకం వల్ల వచ్చిన లాభమూ నష్టమూ రెండూ ఆ పరిశోధన ఖాతాలోనే పడాలి. ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున, గోదావరి ఒడ్డున ఉన్న సారపాకలో 1989లో మొదలైన జామాయిల్ క్లోన్ల పరిశోధన ఈ చర్చకు అన్ని విధాలా తగిన ఉదాహరణ. ఆ పనిని నడిపించిన వారిలో డాక్టర్ ప్యారేలాల్, డాక్టర్ హెచ్.డి. కులకర్ణి ముఖ్యులు. వారి కృషిలో అన్నిటికన్నా విలువైనది చెట్లను ఎంచి, పరీక్షించి, నిలవని దాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టే పద్ధతి అని నా అభిప్రాయం. జామాయిల్ చెట్టు మీద మనకున్న ఇష్టాయిష్టాలు ఆ పద్ధతి విలువను మరుగుపరచకూడదు. ఈ మాటను సాక్ష్యాధారాలతో నిలబెట్టే ప్రయత్నం చేస్తాను. వచ్చే ఆక్షేపణలకూ జవాబు చెబుతాను.

ముందుగా ఈ పరిశోధన ఎందుకు అవసరమైందో చూద్దాం. సారపాకలో ఐటీసీ సంస్థ ప్రారంభించిన భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కర్మాగారం 1979లో కాగితం రంగంలోకి వచ్చింది. ఆ రోజుల్లో కాగితం మిల్లులకు అడవే గిడ్డంగి. వెదురు, కర్ర ప్రభుత్వ అడవుల నుంచి వచ్చేవి. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం సాగేది కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. 1988 జాతీయ అటవీ విధానం ఆ సంగతిని తేల్చి చెప్పింది. అడవి మీద ఆధారపడిన పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును తామే పెంచుకోవాలని, అందుకు రైతులతో నేరుగా సంబంధం పెట్టుకోవాలని, తోటలు వేసుకోవడానికి సహజమైన అడవులను ఇచ్చేది లేదని అందులో రాశారు. అంటే మిల్లుకు కావలసిన కర్ర ఇక అడవిలో కాక రైతు చేలో పెరగాలి. రైతు చేలో పెరగాలంటే అది రైతుకు గిట్టాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. విత్తనంతో పెంచిన జామాయిల్ తోటలో హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్ల కర్ర మించి వచ్చేది కాదు. మెట్టభూమి రైతు పత్తిని, మిరపను వదులుకుని నాలుగైదేళ్లు ఎదురుచూడటానికి ఆ దిగుబడి సరిపోదు. ఆ అంకెను పెంచే మార్గం దొరకకపోతే మిల్లు మళ్లీ అడవి వైపే చూస్తుంది. కనుక సారపాకలో మొదలైన ప్రయత్నానికి కంపెనీ అవసరం ఎంత కారణమో, అడవి మీద ఒత్తిడి తగ్గించాల్సిన అవసరమూ అంతే కారణం.

విత్తనపు తోటల దిగుబడి ఎందుకు అంత తక్కువగా ఉండేది? ఆస్ట్రేలియాకు చెందిన ఈ చెట్టు మన దక్షిణాదికి వచ్చి రెండు శతాబ్దాలు దాటింది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ బెంగళూరు దగ్గరి నందికొండల్లో నాటించిన చెట్లే మనకు మొదట దక్కిన జామాయిల్ అని అటవీశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. వాటి సంతతి నుంచి వచ్చిన మైసూరు గమ్ అనే రకమే తర్వాత దేశమంతా పాకింది. జామాయిల్ పూలలో ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకు చేరడం మామూలు. జాతుల మధ్య సంకరం కూడా సులువుగా జరుగుతుంది. పైగా కొద్ది చెట్ల సంతానమే తరాల తరబడి కలుస్తూ వచ్చినందువల్ల కొంత బలహీనత పేరుకుపోయింది. అందుకే ఒకే తల్లి చెట్టు విత్తనాలు తెచ్చి ఒకే మడిలో పోసినా, ఒక మొక్క నిటారుగా ఎదుగుతుంది, ఒకటి వంకర తిరుగుతుంది, మూడోది పక్కవాటి నీడలో కుంగిపోతుంది. తోటలో ఎత్తుగా, లావుగా, తెగులు సోకకుండా నిలిచిన చెట్లు ఏ కొన్నో ఉంటాయి. తోట సగటును కిందికి లాగేది మిగతావే. ఈ తేడాలో కొంత భాగం నేల వల్ల, నీటి వల్ల వచ్చింది. కొంత భాగం పుట్టుకతో వచ్చింది. ఏది ఎంతో విడదీసి చూడగలిగితే, పుట్టుకతో మేలైన చెట్లనే పట్టుకుని వాటినే పెంచవచ్చు. శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న ఇంతే. వినడానికి తేలికగా ఉన్నా దీనికి జవాబు రాబట్టడానికి ఏళ్లు పడుతుంది.

వాళ్లు అనుసరించిన దారిని కాస్త దగ్గరగా చూద్దాం. మొదట తోటలు గాలించి, చుట్టుపక్కల చెట్లన్నిటికన్నా మిన్నగా ఉన్నదాన్ని గుర్తిస్తారు. ఎత్తు, చుట్టుకొలత, నిటారుదనం, కొమ్మల తీరు, తెగులు లేకపోవడం ఇవన్నీ చూసి మార్కులు వేస్తారు. తర్వాత ఆ చెట్టును మొదలంటా నరికేస్తారు. అంత మంచి చెట్టును ఎందుకు నరకడమంటే, ముదిరిన జామాయిల్ కొమ్మకు వేరు పుట్టదు. నరికిన మోడు నుంచి వచ్చే లేత చిగుళ్లకు ఆ శక్తి తిరిగి వస్తుంది. ఆ చిగుళ్లను కోసి, రెండేసి ఆకులు ఉండేలా చిన్న ముక్కలు చేసి, నీరు ఎక్కువగా ఆవిరైపోకుండా ఆకును సగానికి కత్తిరిస్తారు. ముక్క అడుగు భాగాన్ని వేరు పుట్టించే ఐబీఏ అనే హార్మోను పొడిలో అద్దుతారు. వర్మిక్యులైట్ అనే ఖనిజం నింపిన, లోపల నిలువు గీతలుండే ప్లాస్టిక్ గొట్టాల్లో గుచ్చుతారు. ఆ నిలువు గీతల వల్ల వేరు చుట్ట చుట్టుకోకుండా నేరుగా కిందికి దిగుతుంది. వాటిని మిస్ట్ చాంబర్లో పెడతారు. అక్కడ సన్నని తుంపర పడుతూ గాలి నిండా తేమ ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. ఆ తర్వాత నీడలో కొన్నాళ్లు, ఎండలో కొన్నాళ్లు పెట్టి మొక్కను రాటుదేలుస్తారు. ఇలా వచ్చిన ప్రతి మొక్కా తల్లి చెట్టుకు అచ్చమైన నకలు, అంటే క్లోన్. విత్తనంతో వచ్చే సంతానానికి తల్లి గుణాల్లో కొన్నే అందుతాయి. ఈ పద్ధతిలో వచ్చిన మొక్కకు ఆ గుణాలన్నీ వాటి కలయికతో సహా చెక్కుచెదరకుండా అందుతాయి.

పని ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది ఒక మంచి నర్సరీ కథగా మిగిలేది. దాన్ని పరిశోధనగా నిలబెట్టింది ఆ తర్వాతి మెట్టు. ఎంచిన చెట్టు నిజంగానే పుట్టుకతో గొప్పదా, లేక మంచి నేలలో పడి గొప్పదైందా? నకళ్లు చేసి పక్కపక్కనే, ఒక్కో రకాన్ని పలుచోట్ల నాటి, ఏళ్ల తరబడి కొలిస్తేనే ఇది తేలుతుంది. సారపాక బృందం ఆ పరీక్షలు చేసింది. ఎర్రనేలలో ముందున్న క్లోన్ నల్లరేగడిలో వెనకబడటం, చౌడు తగిలిన చోట మరొకటి మెరుగ్గా నిలవడం వంటి ఫలితాలు వచ్చాయి. కనుక అన్ని నేలలకూ ఒకే మొక్క అనే ఆశను వదులుకుని, నేలకు తగిన క్లోన్‌ను సూచించే పద్ధతి పెట్టారు. ఎంచిన వందల చెట్లలో చాలావాటికి ఈ దశలోనే సెలవు చెప్పారు. మిగిలినవి అంకెలతో పేరుపడ్డాయి. 3, 7, 288, 413, 526 వంటి అంకెలు జామాయిల్ రైతులకు వరి రకాల పేర్లంత పరిచయమయ్యాయి. క్లోన్ తోటల్లో, నీటి పారుదల లేకుండానే, హెక్టారుకు ఏడాదికి సగటున 20 నుంచి 25 ఘనపు మీటర్ల దిగుబడి వచ్చినట్టు ప్యారేలాల్, కులకర్ణి, వారి సహచరులు డెహ్రాడూన్ నుంచి వెలువడే ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో ప్రకటించారు. విత్తనపు తోటతో పోలిస్తే ఇది రెండు నుంచి మూడు రెట్లు. సంరక్షణ ఎలా ఉంటే దిగుబడి అలా ఉంటుంది గనుక ప్రతి రైతుకూ ఆ అంకె దక్కదు. అయినా మెట్టరైతు లెక్కను మార్చడానికి ఆ తేడా చాలింది.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. ఇందులో కొత్త కనుగోలు ఏముందని కొందరు అడగవచ్చు. వారి మాటలో నిజం ఉంది. జామాయిల్ కొమ్మలకు వేళ్లు పుట్టించి పెద్ద ఎత్తున తోటలు వేయడం 1970ల్లోనే ఆఫ్రికాలోని కాంగోలో, బ్రెజిల్‌లో మొదలైంది. బ్రెజిల్‌లోని అరాక్రజ్ సంస్థ శాస్త్రవేత్తలకు ఈ పనికే 1984లో స్వీడన్ వారి మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. అటవీశాస్త్రంలో అది చాలా పెద్ద గౌరవం. కాబట్టి సారపాకలో సూత్రం కనిపెట్టలేదు. అయితే వ్యవసాయ, అటవీ శాస్త్రాల్లో సూత్రం ఒక్కటే చాలదు. కాంగో తీరంలో నెగ్గిన చెట్టు ఖమ్మం ఎండకు, మన వానల తీరుకు, మన నేలకు తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తట్టుకునే చెట్టును ఇక్కడే, మన తోటల్లోంచే వెతకాలి. బ్రెజిల్లో వేల ఎకరాలు కంపెనీ చేతిలోనే ఉంటాయి. ఇక్కడ ఆ మొక్క రెండెకరాల రైతు చేతికి వెళ్లి, ఆయన పెట్టగలిగినంత పెట్టుబడితోనే బతకాలి. ఆ షరతుతో ఎంపిక చేయడం వేరే రకమైన శాస్త్రం. దీని ప్రభావం ఎంత దూరం వెళ్లిందో ఒక్క సంగతి చూస్తే తెలుస్తుంది. ఈ మొక్కలు ఆంధ్ర, తెలంగాణల్లోనే ఆగక పంజాబ్, హర్యానా వరకు వెళ్లాయి. అక్కడి పరిశోధకులు చౌడును ఓర్చుకునే గుణం మీద, కర్రలోని గుజ్జు నాణ్యత మీద పరీక్షలు చేసేటప్పుడు భద్రాచలం క్లోన్లు అని పేరుపెట్టి, అంకె రాసి వాడుతున్నారు. ఒకరు ఎంచిన మొక్క మీద, ఆయన ముఖమైనా చూడని ఇంకొకరు తమ ప్రయోగాన్ని కట్టుకుంటున్నారంటే, ఉదాహరణల లెక్కకన్నా అది బలమైన సాక్ష్యమని నేను అనుకుంటాను.

రెండో ఆక్షేపణ నీటిది. ఇది మనలో చాలామంది మనసులో ఉన్నదే. జామాయిల్ భూగర్భజలాన్ని తాగేస్తుందని ఊరూరా అంటారు. దీని మీద మన పొరుగునే, కర్ణాటకలో, బ్రిటన్ జలశాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్, కర్ణాటక అటవీశాఖ పరిశోధకులు కలిసి ఏళ్ల తరబడి కొలతలు తీశారు. వాళ్లు తేల్చింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మట్టి లోతు మూడు మీటర్ల వరకే ఉన్న చోట జామాయిల్ వాడిన నీరు అక్కడి సహజమైన అడవి వాడే నీటిని మించలేదు, కానీ రాగి వంటి పంట వాడే నీటికన్నా బాగా ఎక్కువ. మట్టి లోతుగా ఉన్న హోస్కోటెలో మాత్రం మూడేళ్లలో 2,100 మిల్లీమీటర్ల వాన పడితే, తోట 3,400 మిల్లీమీటర్ల నీరు వాడుకుంది. అంటే పడిన వానకన్నా ఎక్కువ తాగింది. వేరు ఏటా కిందికి దిగుతూ, మట్టి లోతుల్లో అంతకుముందు నిలవున్న తేమను పీల్చుకుంది. కనుక ఊళ్లో వాళ్ల భయం వట్టిది కాదు. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా జామాయిల్ నాటడాన్ని నిషేధించడం వెనుక ఈ భయమే ఉంది. ఎక్కువ కర్ర ఇచ్చే క్లోన్ ఎంతో కొంత ఎక్కువ నీరు వాడుతుందన్నదీ ఒప్పుకోవలసిందే. అయితే ఆ కొలతలు మరో మాట కూడా చెబుతున్నాయి. చెట్టు ఎంత తాగుతుందన్నది నేల లోతును బట్టి, వానను బట్టి మారుతుంది. బావుల మీద బతికే ఊళ్ల దగ్గర, లోతైన నేలల్లో, వాన తక్కువ పడే చోట ఈ తోటలు వద్దనడం న్యాయం. కానీ అన్ని చోట్లా అదే మాట అనడం, అంతటా నాటమనడం ఎంత పొరపాటో అంతే పొరపాటు. నేలకు తగిన క్లోన్‌ను వెతికిన శాస్త్రం, నీటికి తగిన నేలను కూడా చూపించాలి. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

మూడో ఆక్షేపణ ఒకే పోలికది. చేలో నాటిన వేల మొక్కలూ ఒకదానికొకటి నకళ్లయితే, ఒక తెగులు వస్తే తోటంతా పోదా? ఈ ప్రశ్నకు ప్రకృతే పరీక్ష పెట్టింది. 2000 ప్రాంతంలో పశ్చిమాసియాలో కనిపించిన ఒక చిన్న కందిరీగ జాతి పురుగు, లెప్టోసైబె ఇన్వేసా, కొద్దికాలానికే దక్షిణ భారతదేశానికి చేరింది. పొడవు మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ మాత్రమే ఉండే ఈ పురుగు లేత ఆకు మధ్య ఈనెలో, తొడిమలో గుడ్లు పెడుతుంది. అక్కడ ఈనె ఉబ్బి వరుసగా బుడిపెలు కడుతుంది. ఆకు ముడుచుకుపోతుంది, మొక్క ఎదుగుదల ఆగిపోతుంది. నర్సరీల్లో, లేత తోటల్లో నష్టం బాగా జరిగింది. కొన్ని క్లోన్లు ఘోరంగా దెబ్బతిన్నాయి. అంతకుముందు మెచ్చుకున్న రకాల్లోనూ కొన్నిటిని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆక్షేపణలోని సత్యం అక్కడ కళ్లకు కట్టింది. ఐతే అన్ని క్లోన్లూ ఒకేలా పడిపోలేదు. కొన్నిటికి పురుగు అంతగా పట్టలేదు. ఎన్నో రకాలను పక్కపక్కనే నాటి, అంకెలు వేసి, కొలతలు రాసి పెట్టుకున్నందువల్లే ఏది తట్టుకుందో, ఏది తట్టుకోలేదో వెంటనే తెలుసుకోగలిగారు. దీంతో పాటు ఆ పురుగును తినే పరాన్నజీవి కీటకాలూ కొంత ఆసరా అయ్యాయి. ఇందులోంచి రైతు నేర్చుకోవలసింది ఒకటుంది. పేరుపడ్డ ఒక్క క్లోన్‌నే చేనంతా నాటకూడదు. మూడు నాలుగు రకాలను వేర్వేరు పట్టీలుగా నాటుకోవాలి. మొక్కలు అమ్మేవారు ఈ మాటను సలహాగా చెప్పి ఊరుకోకుండా అమ్మకంలో నియమంగా పెట్టాలి.

నాలుగో ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. ఇదంతా ఎవరి మేలు కోసం? కంపెనీ జీతమిచ్చి చేయించిన పరిశోధన కంపెనీకే ఉపయోగపడదా? కర్ర మిల్లుకు అవసరం, నిజమే. కర్ర కొనేది కొద్దిపాటి మిల్లులే కాబట్టి ధర వారి చేతిలో ఉంటుందన్నదీ నిజమే. ఎన్.సి. సక్సేనా అనే పరిశీలకుడు 1994లో వెలువరించిన గ్రంథంలో, వాయవ్య భారతంలో 1980ల్లో రైతులు జామాయిల్ మీద ఎంత మోజుపడ్డారో, ధర పడిపోయాక ఎలా తోటలు పెకలించుకున్నారో వివరించాడు. దిగుబడి పెంచే శాస్త్రం ధరను కాపాడలేదన్న పాఠం అందులో ఉంది. మరో సంగతి, నాలుగేళ్లు ఆదాయం లేకుండా ఆగగలిగినవాడికే ఈ తోట సులువు. ఏజెన్సీలో రెండెకరాల కోయ గిరిజన రైతుకు అది సులువు కాదు. వరుసల మధ్య ఎడం పెంచి, మొదటి ఏళ్లలో అంతరపంటలు వేసుకునే పద్ధతులు వచ్చింది ఈ ఇబ్బందికి జవాబుగానే. అవి చిన్న రైతుకు ఎంత తోడ్పడ్డాయో ఊరూరా విచారించి లెక్క తీయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. చివరిగా, క్లోన్ తోట ఎంత పచ్చగా ఉన్నా అడవి కాదు. అందులో తునికాకు దొరకదు, ఇప్పపువ్వు రాలదు, తేనె పట్టు పెట్టడానికి కావలసిన పూల వైవిధ్యం ఉండదు. అడవి ఉన్న చోట అడవిని తీసి ఈ తోట వేయడాన్ని ఏ దిగుబడి అంకే సమర్థించలేదు. 1988 విధానం చెప్పినట్టు దాని చోటు రైతు చేను. ఈ హద్దు చెరిగిపోతే తప్పు ఆ మొక్కది కాదు, ఆ నిర్ణయం తీసుకున్నవారిది. అయినా శాస్త్రవేత్తలు ఆ హద్దు గురించి మాట్లాడకుండా ఉండకూడదు.

ఇన్ని ఆక్షేపణల తర్వాత ఏం మిగిలింది? నీటి విషయంలో హద్దులు తెలిశాయి, ఒకే రకం మీద ఆధారపడకూడదని తెలిసింది, ధర దగ్గర శాస్త్రం చేతులెత్తేస్తుందనీ తెలిసింది. కానీ తోటలు గాలించడం, మార్కులు వేయడం, నకళ్లు తీయడం, పలు నేలల్లో పక్కపక్కనే పరీక్షించడం, ఓడినదాన్ని తీసేయడం, నెగ్గినదాని అంకె అందరికీ చెప్పడం అనే క్రమం మాత్రం ఈ ఆక్షేపణలన్నిటినీ తట్టుకుని నిలిచింది. నిజానికి పురుగు వచ్చినప్పుడు తోటలను ఆదుకున్నది కూడా ఆ క్రమమే. అందుకే ఈ శాస్త్రవేత్తల వారసత్వం అంటే కేవలం జామాయిల్ అనుకోవడం వారికి అన్యాయం చేయడమే. ఆ క్రమాన్ని మన అడవి చెట్ల మీద పెట్టి చూడాలి. ఇప్ప చెట్టునే తీసుకుందాం. ఒక చెట్టు పువ్వు తియ్యన, ఇంకోదాని పువ్వు చప్పన. ఒకటి ఏటా విరగకాస్తుంది, పక్కది ఒక ఏడు కాసి మరో ఏడు ఊరుకుంటుంది. ఏ చెట్టు ఎలాంటిదో కోయ ఊళ్లలో ఏరుకునే ఆడవాళ్లకు బాగా తెలుసు. ఎంపికకు కావలసిన మొదటి సమాచారం వారి దగ్గరే ఉంది. గింజతో పెరిగిన ఇప్ప పూతకు రావడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. మంచి చెట్టు కొమ్మతో అంటు కడితే ఆ గడువు బాగా తగ్గుతుంది. గుజరాత్‌లోని గోధ్రా దగ్గర ఉద్యాన ప్రయోగ కేంద్రం ఇదే దారిలో థార్ మధు అనే ఇప్ప రకాన్ని ఎంపిక చేసింది కూడా.

దీనికి ఒకరు అడ్డు చెప్పవచ్చు. జామాయిల్‌కు మిల్లు ఉంది, నాలుగేళ్లలో డబ్బు వస్తుంది, అందుకే పరిశోధన సాగింది, ఇప్పకూ చింతకూ ఎవరు పెట్టుబడి పెడతారు అని. నా జవాబు కూడా అందులోనే ఉంది. త్వరగా లాభమిచ్చే చెట్టును కంపెనీ ఎలాగూ చూసుకుంటుంది. నెమ్మదిగా ఎదిగి, పేదవాడి ఇంటికి ఏటా కొంత ఆదాయం తెచ్చే చెట్టును చూడటానికే ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయాలు, అటవీ పరిశోధన సంస్థలు, భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వంటివి ఉన్నాయి. వాటి చేతికి ఇప్పుడు నిరూపితమైన పద్ధతి ఒకటి అందుబాటులో ఉంది. ఆ పద్ధతిలో జరిగే ప్రతి పరీక్ష ఫలితం, నెగ్గినదీ ఓడినదీ కూడా, తెలుగులో అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఏ చెట్టు కొమ్మ ఏ ఊరి నుంచి వచ్చిందో రాసిపెట్టి, దాని వల్ల వచ్చే ప్రయోజనంలో ఆ ఊరికి వాటా ఇవ్వాలి. మొక్కల రకాల సంరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లోనే వచ్చింది. అడవి చెట్ల విషయంలోనూ దాని స్ఫూర్తిని పాటించాలి. ఒక శాస్త్రవేత్త పనిని అతని పేరు ఎన్నిసార్లు వినబడిందన్న లెక్కతో తూచడం కన్నా, అతను నిలబెట్టిన పద్ధతిని తర్వాతివాళ్లు ఎవరి కోసం వాడారన్న ప్రశ్నతో తూచడం మేలు. సారపాకలో ఆ పద్ధతి మిల్లుకూ, మెట్టరైతుకూ పనికొచ్చింది. అడవి మీద బతికేవాళ్లకు కూడా పనికొచ్చేలా చేయడం ఇప్పుడు మన వంతు.